బయాలజీ పీహెచ్‌డీకి అప్లై చేస్తున్నాను: పేపర్ లేకుండా వెళ్లొచ్చా, ప్రొఫెసర్లకు ముందే మెయిల్ పెట్టాలా?

కణవిభజన (ప్రశ్న)

నమస్తే అందరికీ. బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి ప్రస్తుతం ఒక ల్యాబ్‌లో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా ఉన్నాను. ఆటోఫజీ (కణం తనలోని పాడైన భాగాలను తానే కరిగించుకునే ప్రక్రియ) మీద పని. రోజూ చేసేది సెల్ కల్చర్, వెస్టర్న్ బ్లాట్లు (ప్రొటీన్లను బ్యాండ్లుగా చూపే పరీక్ష), అప్పుడప్పుడూ కాన్‌ఫోకల్ మైక్రోస్కోప్. వచ్చే ఫాల్‌కి పీహెచ్‌డీలో చేరాలని గట్టిగా అనుకుంటున్నాను, అమెరికా, యూరప్ రెండూ చూస్తున్నాను. చదివేకొద్దీ అయోమయం పెరుగుతోంది తప్ప తగ్గట్లేదు. ప్రొఫెసర్లకు ముందే మెయిల్ పెట్టకపోతే అప్లికేషన్ ఎవరూ తెరిచి కూడా చూడరని ఒకరంటారు, మెయిల్ పెట్టడం శుద్ధ దండగ అని ఇంకొకరంటారు.

మార్కులు ఫర్వాలేదు, టాపర్‌ని కాదు. నా పేరు మొదట ఉండే ఫస్ట్ ఆథర్ పేపర్ లేదు. మా ల్యాబ్ నుంచి ఒక పేపర్ తయారవుతోంది, అందులో మధ్యలో నా పేరు ఉంటుంది, కానీ అప్లికేషన్ల సమయానికి అది బయటికి వస్తుందన్న నమ్మకం లేదు. పేపర్ లేకపోతే మంచి చోట రాదని సీనియర్లు అంటుంటే టెన్షన్‌గా ఉంది. ఇంకో ఏడాది ఆగి, పేపర్ వచ్చాక అప్లై చేయడం మంచిదా?

ఎస్‌ఓపీ (ఎందుకు చేరాలనుకుంటున్నానో చెప్పే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) ఒక డ్రాఫ్ట్ రాశాను. ఆటోఫజీ ఎందుకు ముఖ్యమో ఒక పేజీ, నాకు వచ్చిన టెక్నిక్స్ ఒక పేరా, ఆ యూనివర్సిటీ ఎంత గొప్పదో ఇంకో పేరా. ఏదో వెలితిగా ఉంది, ఏమిటో తెలియట్లేదు.

ఇంకో సందేహం. నాకు ఆటోఫజీ అంటే నిజంగా ఇష్టం, అయితే న్యూరోడీజనరేషన్ (న్యూరాన్లు క్రమంగా దెబ్బతినే జబ్బులు) వైపు వెళ్లాలని ఉంది, న్యూరాన్లతో నేనెప్పుడూ పనిచేయలేదు. అలా కొంచెం పక్కకు జరిగితే కమిటీ తప్పుగా చూస్తుందా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, ప్లీజ్.

జీబ్రాఫిష్

ముందు మెయిల్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మీకు చెప్పిన ఇద్దరూ ఎవరి అనుభవం వాళ్లు చెప్పారు, రెండూ నిజమే, కాకపోతే వేర్వేరు పద్ధతుల గురించి.

అమెరికాలో మాలిక్యులర్, సెల్ బయాలజీ వైపు పీహెచ్‌డీలు చాలావరకు అంబ్రెల్లా ప్రోగ్రాములు. అక్కడ మిమ్మల్ని తీసుకునేది కమిటీ, ఒక ప్రొఫెసర్ కాదు. చేరాక మొదటి ఏడాది రెండు మూడు ల్యాబుల్లో రొటేషన్లు చేస్తారు, ఒక్కోటి రెండు మూడు నెలలు ఉంటుంది, అవి అయ్యాకే ఏ ల్యాబ్ అన్నది తేలుతుంది. ఇలాంటి చోట ప్రొఫెసర్ మీకు సీటు ఇవ్వలేరు. మరి మెయిల్ ఎందుకు అంటే, ఆయన వచ్చే రెండేళ్లలో కొత్త స్టూడెంట్‌ని తీసుకునే స్థితిలో ఉన్నారో లేదో తెలుసుకోవడానికి. మీరు ఎస్‌ఓపీలో పేర్లు రాసే ముగ్గురు ప్రొఫెసర్లలో ఒకరు రిటైర్ అవుతూ, ఇంకొకరు వేరే యూనివర్సిటీకి మారుతూ ఉంటే మీకు ముందే తెలియాలి కదా. నాలుగైదు వాక్యాలు చాలు, జవాబు రాకపోతే బాధపడొద్దు. అదే ఎకాలజీ, ఎవల్యూషన్ డిపార్ట్‌మెంట్లయితే అమెరికాలో కూడా కథ వేరు, చాలాచోట్ల ఒక ప్రొఫెసర్ ముందే సరేనంటే తప్ప అప్లికేషన్ ముందుకు కదలదు. మీ ఫీల్డ్ అది కాదు కాబట్టి వదిలేద్దాం.

పేపర్ గురించి. ఫస్ట్ ఆథర్ పేపర్ ఉంటే మంచిదే, కాదనను. కానీ బయాలజీలో ఒక పేపర్ బయటికి రావడానికి ఏళ్లు పడుతుందని కమిటీలో కూర్చునేవాళ్లందరికీ తెలుసు, వాళ్ల సొంత స్టూడెంట్లకే మూడో ఏడాదికి, నాలుగో ఏడాదికి పేపర్ ఉండదు. వాళ్లు వెతికేది వేరే. ఒక ప్రశ్నను పట్టుకుని చాలాకాలం నిలబడ్డారా, రిజల్ట్ అనుకున్నట్టు రాకపోతే ఏం చేశారు, ఎందుకు అలా చేశారు. ఇది ఎస్‌ఓపీలో, రికమండేషన్ లెటర్లలో కనిపిస్తే చాలు. పేపర్ కోసమే ఏడాది ఆగడం నాకు సరైన నిర్ణయంలా అనిపించట్లేదు. మీ చేతిలో మీ సొంత ప్రాజెక్ట్ అంటూ ఇంకా ఏదీ లేకపోతే అప్పుడు ఆగండి, దానికి అర్థం ఉంది. మీ పీఐ (ల్యాబ్ నడిపే సైంటిస్ట్) ఒప్పుకుంటే ఆ పేపర్‌ని బయోఆర్కైవ్ సైట్‌లో ప్రీప్రింట్‌గా (జర్నల్‌లో రాకముందే అందరికీ చూపే ప్రతిగా) పెట్టమని అడగండి, అప్లికేషన్‌లో లింక్ ఇవ్వొచ్చు. ఒప్పుకోకపోతే సీవీలో ‘తయారీలో ఉంది’ అని నిజాయతీగా రాయండి, ఎక్కడికి పంపకుండానే పంపినట్టు మాత్రం రాయొద్దు.

ఇక ఎస్‌ఓపీ. మీరు చెప్పిన మూడు భాగాల్లో ఎక్కడా మీరు లేరు, వెలితి అదే. ఆటోఫజీకి 2016లో యోషినోరి ఓసుమికి నోబెల్ వచ్చిందని చదివేవాళ్లకు తెలుసు. వాళ్ల యూనివర్సిటీ గొప్పదని అంతకంటే బాగా తెలుసు. టెక్నిక్స్ సీవీలో ఉంటాయి. మరి ఏం రాయాలి అంటారా, మీ పనిలోంచే ఒక ఉదాహరణ తీసుకుందాం. ఏదో ఒక డ్రగ్ ఇచ్చారు, లేదా ఒక జీన్‌ని నాక్‌డౌన్ చేశారు (దాని పని తగ్గించారు), బ్లాట్‌లో ఎల్‌సీ3-2 (ఆటోఫాగోజోముల మీద ఉండే ప్రొటీన్) బ్యాండ్ బాగా పెరిగింది. కొత్తవాళ్లు ఆటోఫజీ పెరిగిందని రాసేస్తారు. కానీ ఆ బ్యాండ్ రెండు రకాలుగా పెరగొచ్చు: ఆటోఫాగోజోములు (పాడైన భాగాలను చుట్టి మోసుకెళ్లే సంచులు) ఎక్కువ తయారవుతూ ఉండొచ్చు, లేదా తయారైనవి వాటిని కరిగించే లైసోజోముల్లో కరగకుండా ఆగిపోయి పేరుకుపోతూ ఉండొచ్చు. రెండింటికీ అర్థాలు పూర్తిగా వ్యతిరేకం. తేల్చాలంటే బాఫిలోమైసిన్ అనే డ్రగ్ ఇచ్చి లైసోజోమ్ దారి మూసేసి, ఇచ్చినప్పుడు, ఇవ్వనప్పుడు బ్యాండ్‌లో తేడా ఎంతో చూడాలి. బాఫిలోమైసిన్ ఇచ్చినా బ్యాండ్ ఇంకేమీ పెరగలేదంటే దారి అంతకుముందే మూసుకుపోయి ఉందన్న అనుమానం బలపడుతుంది. పక్కనే పీ62 (ఆటోఫజీ సాఫీగా సాగితే తగ్గే ప్రొటీన్) ఏమైందో కూడా చూస్తారు. ఇదంతా మీకు తెలిసిందే, మీకు నేర్పడానికి రాయట్లేదు. మీ పనిలో సరిగ్గా ఇలాంటి ఘట్టం ఒకటి ఉండి ఉంటుంది, రిజల్ట్‌ని మీరు వెంటనే నమ్మకుండా ఆగిన ఘట్టం. దాన్ని ఒక పేరా నిండా రాయండి. ఏం అనుకున్నారు, ఏం కనిపించింది, మీకు ఎందుకు అనుమానం వచ్చింది, ఏ కంట్రోల్ పెట్టారు, దాంతో ఏం తేలింది, ఏం తేలలేదు. కమిటీలో ఆటోఫజీ తెలియని ఇమ్యునాలజిస్ట్ కూడా ఆ పేరా చదివి, ఈ అమ్మాయో అబ్బాయో ఆలోచిస్తున్నారు అని గుర్తుపట్టగలగాలి. ఎస్‌ఓపీలో సగానికి పైగా ఇలాగే ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం.

న్యూరాన్ల వైపు వెళ్లడం తప్పేమీ కాదు, పైగా అది చాలా సహజమైన దారి. న్యూరాన్ విభజన చెందదు, పాడైన ప్రొటీన్లను కూతురు కణాలకు పంచి తన వాటా తగ్గించుకునే వీలు దానికి లేదు, అందుకే శుభ్రం చేసే యంత్రాంగం మీద అంత ఆధారపడుతుంది. పార్కిన్సన్స్‌లో కనిపించే పింక్1, పార్కిన్ అనే జీన్లు రెండూ దెబ్బతిన్న మైటోకాండ్రియాను తీసేసే పనికి సంబంధించినవే కదా. మీ ప్రశ్న అక్కడికి ఎలా చేరిందో రెండు మూడు వాక్యాల్లో చెప్పండి చాలు. చేరాక ఫలానా ప్రాజెక్టే చేస్తాను అని గీత గీసుకోవద్దు, రొటేషన్లు ఉన్నదే మనసు మార్చుకోవడానికి.

ఈస్ట్‌ప్లేట్

పైన చెప్పింది అమెరికాకు బాగా సరిపోతుంది. యూరప్‌కి అదే ఎస్‌ఓపీ అలాగే పంపితే పని జరగదు.

యూరప్‌లో చాలాచోట్ల పీహెచ్‌డీ అంటే ఉద్యోగం. ప్రాజెక్ట్‌కి ఫండింగ్ వచ్చాక ప్రకటన వేస్తారు, మీరు అప్లై చేస్తారు, ఇంటర్వ్యూ, కాంట్రాక్ట్. మాస్టర్స్ సాధారణంగా తప్పనిసరి, మీకు ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. కోర్సులు తక్కువ, రొటేషన్లు చాలాచోట్ల ఉండవు, మూడు నాలుగేళ్లకే కాంట్రాక్ట్. అమెరికాలో ఐదారేళ్లు మామూలు. తొందరగా అయిపోతుంది కదా అని మాత్రమే యూరప్ ఎంచుకోవద్దు. మొదటి నెల నుంచే ఒక ప్రాజెక్ట్‌లోకి దూకాలి, అందుకే ఏం చేయాలో ముందే కొంత తెలిసినవాళ్లకు అది బాగుంటుంది. మీరు చెప్పినదాన్ని బట్టి మీకు తెలుసు.

మెయిల్ విషయంలో జీబ్రాఫిష్ గారితో నేను పూర్తిగా ఏకీభవించను. ఇక్కడ మెయిల్ మర్యాద కోసం కాదు, చాలాసార్లు అదే మీ అప్లికేషన్. ప్రకటన లేకపోయినా, పీఐకి ఫండింగ్ రాబోతోందనుకోండి, మంచి మెయిల్ ఒకటి వస్తే గుర్తుపెట్టుకుంటారు. అయితే యాభై మందికి ఒకటే మెయిల్, పైన పేరు మాత్రం మార్చి పంపడం ఉంటుంది చూశారూ, అది మొదటి లైన్‌లోనే దొరికిపోతుంది. వాళ్ల ఈ మధ్య ప్రీప్రింట్ ఒకటి చదివి, అందులో మీకు నిజంగా అర్థం కాని విషయం ఒకటి అడగండి. పొగడ్త కంటే ప్రశ్నకే జవాబు ఎక్కువగా వస్తుంది.

సెంట్రల్‌గా సెలెక్షన్ చేసే ప్రోగ్రాములూ ఉన్నాయి. జర్మనీలోని హైడెల్‌బర్గ్ కేంద్రంగా ఉన్న ఈఎంబీఎల్ అనే మాలిక్యులర్ బయాలజీ పరిశోధన సంస్థకి అంతర్జాతీయ పీహెచ్‌డీ ప్రోగ్రామ్ ఉంది, ఆరు చోట్ల వాళ్ల సెంటర్లు ఉన్నాయి, డిగ్రీ వచ్చేది భాగస్వామి యూనివర్సిటీ నుంచి. జర్మనీలో మాక్స్ ప్లాంక్ వాళ్ల ఐఎంపీఆర్‌ఎస్ గ్రాడ్యుయేట్ స్కూళ్లు, వియన్నా బయోసెంటర్, లండన్‌లో ఫ్రాన్సిస్ క్రిక్ కూడా చూడండి. వీటి డెడ్‌లైన్లు ఒక్కోటి ఒక్కో నెలలో ఉంటాయి, ఎవరో చెప్పిన తేదీ నమ్మకుండా నేరుగా వాళ్ల పేజీలోనే చూసుకోండి. యూరప్ అంతటి ఖాళీలకు యూరాక్సెస్ సైట్ ఉంది.

యూరోపియన్ యూనియన్ నిధులతో నడిచే మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్క్‌లను చాలామంది మనవాళ్లు పట్టించుకోరు, అవి ఏ దేశం వాళ్లకైనా తెరిచే ఉంటాయి. ఒక నిబంధన: చేరబోయే దేశంలో గత 36 నెలల్లో 12 నెలలకు మించి నివసించి గానీ, చదివి గానీ, పనిచేసి గానీ ఉండకూడదు. బయటి నుంచి నేరుగా వచ్చేవాళ్లకు ఇది అడ్డంకి కాదు, నిజానికి అనుకూలం.

జీబ్రాఫిష్

ఈస్ట్‌ప్లేట్ గారు చెప్పింది ఒప్పుకుంటున్నాను, నేరుగా ల్యాబ్‌లోకి తీసుకునే చోట మెయిలే అసలు తలుపు. నేను అంబ్రెల్లా ప్రోగ్రాముల గురించే మాట్లాడాను.

గ్రాంట్‌చూడు

అమెరికా సీట్ల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. ఎన్ఐహెచ్ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ) వాళ్ల టీ32 ట్రైనింగ్ గ్రాంట్లు ఉంటాయి, చాలా ప్రోగ్రాముల్లో మొదటి ఏళ్ల స్టైపెండ్ వాటి నుంచే వస్తుంది, కానీ అవి అమెరికా పౌరులకు, పర్మనెంట్ రెసిడెంట్లకు మాత్రమే. బయటి దేశాల స్టూడెంట్‌కి యూనివర్సిటీ సొంత డబ్బో, ప్రొఫెసర్ గ్రాంటో కావాలి. అందుకే ఒకే ప్రోగ్రామ్‌లో కూడా మనకు ఉండే సీట్లు తక్కువ. ఇది మీ అర్హత మీద తీర్పు కాదు, రిజెక్ట్ వచ్చినప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి. దానికి తోడు 2025లో ఫెడరల్ నిధుల అనిశ్చితి వల్ల కొన్ని ప్రోగ్రాములు సీట్లు తగ్గించాయి, కొన్నైతే ఇచ్చిన ఆఫర్లు వెనక్కి తీసుకున్నాయి. కాబట్టి ఒక్క దేశం మీదే ఆశలన్నీ పెట్టుకోవద్దు, రెండు వైపులా అప్లై చేయాలన్న మీ ఆలోచన చాలా మంచిది.

ప్రోగ్రామ్ పేజీలో ప్రస్తుత స్టూడెంట్ల లిస్టు ఉంటే చూడండి, బయటి దేశాల్లో బ్యాచిలర్స్ చేసినవాళ్లు ఎంతమంది ఉన్నారో అర్థమవుతుంది. లేకపోతే ప్రోగ్రామ్ కోఆర్డినేటర్‌కే మెయిల్ పెట్టి అడగండి, చెబుతారు. ఎన్ఐహెచ్ రిపోర్టర్ అని ఒక సైట్ ఉంది, ప్రొఫెసర్ పేరు కొడితే ఆయన గ్రాంట్లు, అవి ఎప్పుడు మొదలయ్యాయో, ఎప్పుడు ముగుస్తాయో కనిపిస్తాయి, ఎవరైనా చూడొచ్చు. మీరు చేరే ఏడాదికే ఉన్న ఒక్క గ్రాంటూ ముగిసిపోతుంటే ఇంటర్వ్యూలో మర్యాదగా అడగండి. అది అడగడం తప్పనుకుంటారు మనవాళ్లు, అస్సలు కాదు.

అప్లికేషన్ ఫీజు మాఫీ ఉందేమో కూడా అడగండి. కొన్నిచోట్ల అంతర్జాతీయ స్టూడెంట్లకు ఇవ్వరు, కొన్నిచోట్ల ఇస్తారు, అడిగితేనే తెలుస్తుంది. జీఆర్‌ఈ చాలా బయాలజీ ప్రోగ్రాములు తీసేశాయి, కాబట్టి లిస్టు ఖరారయ్యే దాకా దానికి డబ్బు కట్టకండి. టోఫెల్ స్కోరు రెండేళ్లే చెల్లుతుంది.

మైక్రోగ్లియా

అందరూ ఎలా దొరుకుతుందో చెబుతున్నారు. దొరికాక ఎవరి దగ్గర చేరుతున్నారన్నది అంతకంటే పెద్ద విషయం, అప్లై చేసేటప్పుడే మొదలుపెట్టాల్సిన పని అది. యూనివర్సిటీ పేరు పక్కన పెట్టండి. ఐదారేళ్లు మీ రోజులు ఎలా గడుస్తాయో నిర్ణయించేది ఒక మనిషి, ఆ మనిషి నడిపే గది.

ఒక పేరున్న ల్యాబ్‌లో నా స్నేహితురాలు చేరింది. పేపర్లు అద్భుతం, గ్రాంట్లకు కొదవలేదు. పీఐతో విడిగా కూర్చుని మాట్లాడే అవకాశం నెలల తరబడి దొరికేది కాదు, ఒకే ప్రాజెక్ట్‌ని ఇద్దరికి ఇచ్చి ఎవరు ముందు తెస్తే వాళ్లదే అన్నట్టు ఉండేది. మాస్టర్స్‌తో బయటికి వచ్చేసింది. సైన్స్ అంటే ఆమెకు ఉన్నంత ప్రేమ నేను తక్కువమందిలో చూశాను, ఇప్పటికీ ఆ విషయం తలుచుకుంటే నాకు కోపం వస్తుంది.

చేరకముందే తెలుసుకునే దారులు ఉన్నాయి. ల్యాబ్ వెబ్‌సైట్‌లో పాత సభ్యుల పేజీ చూడండి. పీహెచ్‌డీ స్టూడెంట్లు ఎంతకాలం ఉన్నారు, ఎక్కడికి వెళ్లారు. ఆ పేర్లు పబ్‌మెడ్ అనే పేపర్ల సైట్‌లో వెతకండి, ఫస్ట్ ఆథర్‌లుగా ఉన్నది స్టూడెంట్లా, లేక ఎప్పుడూ పోస్ట్‌డాక్‌లేనా (పీహెచ్‌డీ అయ్యాక ల్యాబ్‌లో పనిచేసేవాళ్లు). పాత సభ్యుల పేజీయే లేకపోయినా, వెబ్‌సైట్‌లో ఒకప్పుడు ఉన్న పేర్లు పేపర్ ఏదీ లేకుండా మాయమైనా, కారణం కనుక్కోండి. ఇంటర్వ్యూ సమయంలో పీఐ లేనప్పుడు స్టూడెంట్లతో విడిగా మాట్లాడండి. ‘ల్యాబ్ బాగుంటుందా’ అని అడిగితే బాగుంటుందనే అంటారు. ఆఖరిసారి ఒక ప్రయోగం పూర్తిగా ఫెయిలైనప్పుడు మీ పీఐ ఏమన్నారు అని అడగండి, ఎవరైనా మధ్యలో ల్యాబ్ మారారా, అప్పుడు ఏం జరిగింది అని అడగండి. జవాబు ఇచ్చే ముందు వాళ్లు ఎంతసేపు ఆగారో కూడా గమనించండి.

ఇంటర్వ్యూ గురించి ఒక్క మాట. మీ సొంత పని మీద లోతుగా అడుగుతారు, పాఠాలు అప్పజెప్పమనరు. తెలియనిది అడిగితే తెలియదని చెప్పి, తెలుసుకోవాలంటే ఏ ప్రయోగం చేస్తానో చెప్పండి, వాళ్లకు కావాల్సింది అదే.

కణవిభజన (ప్రశ్న అడిగినవారు)

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ చాలా థ్యాంక్స్. జీబ్రాఫిష్ గారూ, సరిగ్గా మీరు చెప్పినట్టే ఎల్‌సీ3 బ్యాండ్‌తోనే నాకు అలాంటిది జరిగింది, పీ62 తగ్గాల్సింది పోయి పెరిగింది, అక్కడే ఆగి మళ్లీ మొదలుపెట్టాను. దాన్ని ఎస్‌ఓపీలో రాయొచ్చని అసలు తట్టలేదు, అది సీవీకెక్కని విషయం అనుకున్నాను.

ఒక్క సందేహం మిగిలింది. లెటర్లు మూడు కావాలి. మా పీఐ చాలా మంచివారు కానీ బాగా బిజీ, ‘నువ్వే డ్రాఫ్ట్ రాసి తీసుకురా, నేను సంతకం చేస్తాను’ అన్నారు. ఎమ్మెస్సీలో ఒక మేడమ్ ఇస్తానన్నారు, ఆవిడకు నేను క్లాసులో మాత్రమే తెలుసు. మూడోది ఎవరిని అడగాలి?

మైక్రోగ్లియా

డ్రాఫ్ట్ మీరు రాయకండమ్మా. అది పద్ధతి కాదనే కాదు, మీకు నష్టం కూడా. ఎస్‌ఓపీ, లెటర్ ఒకే చేతి రాతలా ఉంటే చదివేవాళ్లకు తెలిసిపోతుంది, పైగా మీ గురించి మీరు ‘నేను చూసిన వాళ్లలో ఈమె ఇలాంటిది’ అని రాసుకోలేరు, లెటర్‌లో బలమంతా ఆ పోలికలోనే ఉంటుంది. దాని బదులు ఆయనకు ఒక పేజీ నోట్ ఇవ్వండి: ఏ ప్రాజెక్ట్, అందులో మీరు సొంతంగా ఆలోచించి చేసింది ఏమిటి, ఆ పీ62 సంగతి ఎప్పుడు ఎలా బయటపడింది, ల్యాబ్ మీటింగ్‌లో ఏం చర్చ జరిగింది. తేదీలు, ఫిగర్లు జత చేయండి. బిజీగా ఉన్న మనిషికి ఖాళీ కాగితం ముందు కూర్చోవడమే కష్టం, ఇది ఉంటే అరగంటలో తన మాటల్లో రాసేయగలరు. అలా అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

మూడోదానికి మీ బెంచ్ పక్కన నిలబడి మీ పని చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఎమ్మెస్సీ డిసర్టేషన్ గైడ్, కాన్‌ఫోకల్ ఫెసిలిటీ చూసే సైంటిస్ట్, మీతో కలిసి పనిచేసే వేరే ల్యాబ్ పీఐ, ఎవరైనా సరే. పెద్ద హోదా ఉండి మిమ్మల్ని ఎరగని డీన్ కంటే వీళ్ల లెటర్ ఎన్నో రెట్లు మేలు. క్లాసులో మాత్రమే తెలిసిన మేడమ్ లెటర్ ఒకటి ఉంటే ఫర్వాలేదు, రెండు అలాంటివి ఉంటేనే ఇబ్బంది.

జీబ్రాఫిష్

అమెరికా పోర్టల్‌లో లెటర్ చూసే హక్కు వదులుకుంటున్నారా అని ఒక బాక్స్ ఉంటుంది, వదులుకుంటున్నాను అనే టిక్ పెట్టండి, లేకపోతే ఆ లెటర్‌కి విలువ తగ్గుతుంది. డెడ్‌లైన్లు చాలావరకు డిసెంబర్ మొదట్లో పడతాయి కాబట్టి లెటర్లు సెప్టెంబర్‌లోనే అడగండి, ఏ యూనివర్సిటీకి ఏ తేదీయో ఒక షీట్‌లో పెట్టి ముగ్గురికీ పంపండి, రెండు వారాల ముందు ఒకసారి, మూడు రోజుల ముందు ఒకసారి గుర్తుచేయండి, ఎవరూ ఏమీ అనుకోరు. కొన్ని పోర్టళ్లు మీరు అప్లికేషన్ సబ్మిట్ చేశాకే వాళ్లకు లింక్ పంపుతాయి. అవి ఏవో ముందే చూసుకుని, వాటిని నవంబర్ మధ్యలోనే సబ్మిట్ చేసేయండి.